గోత్రమున్న టమాటా

టమాటా ధర పెరిగిందని గోల పెట్టేవాళ్ళున్నారు. పడిపోయిందని కడుపు మండి రోడ్డు మీద పారబోసే రైతులున్నారు. ఈ ఇద్దరి గోడూ పేపర్లో వస్తుంది. కిలో 5 ఉన్నా, 150 ఉన్నా, ధరతో నిమిత్తం లేకుండా పన్నెండు నెలలూ టమాటా వల్లే బాధపడే మూడో వర్గం ఒకటుంది. వాళ్ళు మిద్దెతోట పెంచే ఇల్లాళ్ళ మొగుళ్ళు. మాకు సంఘం లేదు, యార్డు లేదు. మద్దతు ధర మాట దేవుడెరుగు, అసలు మద్దతే లేదు. అందుకని ఈ ఫిర్యాదు నేనే రాసుకుంటున్నాను. చదివి న్యాయం చెయ్యకపోయినా ఫరవాలేదు, ఒకసారి అయ్యో అంటే చాలు.

ముందుగా ముద్దాయి వివరాలు. పేరు టమాటా. పుట్టింది దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల వైపు, పెంపకానికి అలవాటుపడింది మెక్సికోలో. మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందంటారు. వంకాయకీ, మిరపకాయకీ, ఆఖరికి ఉమ్మెత్తకీ దాయాది. మా ఇంట్లో ఈనాటికీ తద్దినం రోజున దీన్ని వంటింటి గడప తొక్కనివ్వరు. పరాయిదేశపు కూర పితృదేవతలు ముట్టరని మా నాయనమ్మ కాలం నాటి కట్టడి. అలాంటి కాయకి మా ఆవిడ ఇప్పుడు గోత్రం, ప్రవర చెబుతోంది.

హైదరాబాదులో మిద్దెతోట గాలి గట్టిగానే వీస్తోంది. నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు తన ఇంటి కప్పు మీద కూరగాయలు పండించి, దాని మీద పుస్తకమే రాసి ఎంతోమందికి దారి చూపించారు. ఆయన్ని నేనేమీ అనను. నా తగాదా పూర్తిగా ఇంటి లోపలి వ్యవహారం. ఒక ఆదివారం తోటల వాళ్ళంతా ఎక్కడో కలుసుకుని విత్తనాలు పంచుకున్నారు. మా ఆవిడ నాలుగు కాగితపు పొట్లాలతో తిరిగొచ్చింది. పెళ్ళి శుభలేఖకి పెట్టినట్టు మూలలకి పసుపు కూడా పెట్టి ఉంది.

"ఇవి బజారు టమాటాలు కావండీ. హెయిర్‌లూమ్. తరతరాలుగా విత్తనం తీసి దాచుకున్న జాతి" అంది.

"టమాటాకి తరాలేమిటి?" అన్నాను. అనకుండా ఉండాల్సింది అని ఇప్పుడూ అనుకోను, ఎందుకంటే అడక్కపోయినా చెప్పేది.

చెప్పింది. సంకరజాతి మొక్క కాయలోంచి విత్తనం తీసి నాటితే బిడ్డ తల్లిని పోలదట. ఏడాదికేడాది కంపెనీ దగ్గరికి వెళ్ళి పొట్లం కొనుక్కోవాల్సిందేనట. ఈ జాతులకి ఆ బాధ లేదు. పువ్వు తనలో తనే పరాగం దింపుకుంటుంది, కాయలోని గింజ తల్లిలాగే పుడుతుంది. అందుకని ఒక్కో దానికీ వంశచరిత్ర ఉంటుంది. పొట్లాల్లో ఒకదాని పేరు చెరోకీ పర్పుల్. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన 1990లో ఈ గింజల్ని క్రెయిగ్ లెహూలియర్ అనే తోటమాలికి టపాలో పంపాడు. చెరోకీ తెగ వాళ్ళ దగ్గర నూరేళ్ళకి ముందు పుచ్చుకున్న విత్తనమని ఉత్తరంలో రాశాడు. పేరు లేకపోతే లెహూలియరే ఆ పేరు పెట్టాడు. ఇదంతా ఆవిడ గడగడా అప్పగించింది. మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు అవతలివాళ్ళ గురించి ఇందులో సగం కూడా కనుక్కోలేదు.

రెండో పొట్లం కథ విన్నాక మాత్రం నాకు కాస్త ఆశ పుట్టింది. దాని పేరు మార్ట్‌గేజ్ లిఫ్టర్, అంటే తాకట్టు విడిపించేది. వెస్ట్ వర్జీనియాలో లోగన్ అనే ఊళ్ళో కొండ దిగువన బైల్స్ అనే ఆయనకి లారీల రేడియేటర్లు బాగుచేసే షాపు ఉండేది. ఊరంతా రేడియేటర్ చార్లీ అనేవారు. పెద్ద పెద్ద కాయలు కాసే టమాటాలని ఒకదానితో ఒకటి కలిపి ఈ రకాన్ని తయారుచేశాడు. 1940లలో నారు మొక్క ఒక్కోటి ఒక డాలరుకి అమ్మి, ఇంటి మీదున్న 6000 డాలర్ల అప్పుని ఆరేళ్ళలో తీర్చేశాడు. ఈ మొక్కే మా ఇంట్లో ఏం చేసిందో చెబుతాను. కుండీల కింద నిత్యం తేమ నిలిచి పడకగది కప్పులోకి ఉరుపు దిగింది. మిద్దెకి వాటర్‌ప్రూఫింగ్ చేయించడానికి నేను పి.ఎఫ్.లోంచి డబ్బు తీశాను. చార్లీకి అప్పు తీర్చిన టమాటా నాకు అప్పు పెట్టింది. జాతి అదే, గింజ అదే. మొక్కలో మార్పు లేదంటే జాతకంలోనే ఉందనుకోవాలి.

అమెరికాలోనే విలియమ్ అలెగ్జాండర్ అనే ఇంకో ఆయన పెరటి తోటకి పెట్టిన ఖర్చంతా లెక్కగట్టి, ఒక్కో టమాటా 64 డాలర్లు పడిందని తేల్చి 2006లో పుస్తకం అచ్చువేశాడు. దాని పేరే 'అరవై నాలుగు డాలర్ల టమాటా'. ట్రెజరీలో చేసి రిటైరైన వాణ్ణి కాబట్టి నేనూ లెక్క మొదలుపెట్టాను. కుండీలు, ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్టు, వేపపిండి, షేడ్ నెట్, వెదురు బద్దలు వరకూ రాసి, వాటర్‌ప్రూఫింగ్ దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేశాను. అలెగ్జాండర్‌కి ఆ పుస్తకం అమ్ముకునే వీలైనా ఉంది.

మట్టి సంగతి వేరే చెప్పాలి. మాది రెండంతస్తుల ఇల్లు. లిఫ్ట్ లేదు. నేనున్నాను.

మందులు కొట్టని సేద్యం అంటే ఖర్చు లేని సేద్యం అనుకునేవాళ్ళు మా ఇంటికి ఒక్కసారి రావాలి. మిద్దె మీద నీలం డ్రమ్ము ఒకటుంది. అందులో జీవామృతం. సుభాష్ పాలేకర్ గారి పద్ధతి ప్రకారం పొలానికైతే 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల ఆవుపేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, చేను గట్టు మట్టి గుప్పెడు. మా ఆవిడ దీన్ని పదో వంతుకి కుదించింది. అంటే 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి. పకోడీలు అడిగితే నూనె పదార్థాలు మంచివి కాదంది సరే, శనగపిండి కూడా నిండుకుందంది. ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. షుగరని నాకు కాఫీలో చెంచా పంచదార ఆపేసిన ఇంట్లో డ్రమ్ముకి నెలనెలా బెల్లం పోస్తున్నారు. దాన్ని పొద్దున, సాయంత్రం కర్రతో కుడివైపుకే తిప్పాలట. ఎడమవైపుకి తిప్పితే ఏమవుతుందని అడిగాను. సమాధానం రాలేదు గానీ, తిప్పే డ్యూటీ నా మీద పడింది. వాసన గురించి రాయను. భోజనాల వేళ చదివేవాళ్ళుంటారు.

జీవామృతం ఆహారం మాత్రమే. యుద్ధసామగ్రి వేరు. తెల్లదోమ వస్తే నీమాస్త్రం. అది లొంగకపోతే అగ్నాస్త్రం: పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు గోమూత్రంలో కాచి దించాలి. కాయతొలుచు పురుగు కనిపిస్తే బ్రహ్మాస్త్రమే: వేప, సీతాఫలం, కానుగ, ఆముదం, ఉమ్మెత్త ఆకులు దంచి మళ్ళీ అదే మూత్రంలో మరగబెట్టాలి. ఇవి నేను కల్పించిన పేర్లు కావు. ప్రకృతి సేద్యం చేసే రైతులంతా ఇలాగే పిలుస్తారు. కురుక్షేత్రంలో బ్రహ్మాస్త్రం వెయ్యడానికి మంత్రం కావాలి, దాన్ని ఉపసంహరించడానికీ మంత్రం కావాలి. మా ఇంట్లో ఈ అస్త్రాలు కాచిన రోజున వంటింటి గోడలకి పట్టిన ఘాటు ఉపసంహరించే మంత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. కళ్ళు మండి నేను దగ్గుతూ వరండాలోకి పరిగెడితే, పురుగు మాత్రం ఆకు కిందికి తిరిగి కూర్చుంటోంది. పేనుబంకకి పుల్లమజ్జిగ. దాంతో నా రాత్రి మజ్జిగ పోయింది. పిండినల్లికి వేపనూనె, లీటరుకి 5 మిల్లీలీటర్లు, అందులో నురగకి సబ్బుచుక్క. ఆ సబ్బు నా షేవింగ్ సబ్బు.

పురుగుకి ఎర వెయ్యడానికని బంతి మొక్కలు కూడా వచ్చాయి. పొలంలో అయితే 16 వరసల టమాటాకి ఒక వరస బంతి వెయ్యమని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ సలహా. శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు బంతిపూల మీదికి పోయి గుడ్లు పెడుతుంది. రెండూ ఒకేసారి పూతకి రావాలంటే టమాటా నారు 25 రోజులది, బంతి నారు అంతకి ఇరవై రోజులు పెద్దది ఉండాలి. పెళ్ళికూతురి కంటే తోడపెళ్ళికూతురు వయసులో పెద్దదన్నమాట. బంతిపూలు విరగబూశాయి. దేవుడి పటానికి నాలుగు కోద్దామని చెయ్యి పెట్టాను.

"ముట్టుకోకండి, అవి పురుగులకి!"

ఇంట్లో దేవుడి వాటా పురుగుకి పోయింది. నా వాటా అంతకుముందే పోయింది కాబట్టి దేవుడూ నేనూ ఇప్పుడు ఒకే వరసలో ఉన్నాం.

గుడ్డుపెంకుల వ్యవహారం ఇంతకంటే సున్నితమైనది. మాది శాకాహారపు ఇల్లు. కాయ అడుగున నల్లగా చెప్పుతోలులా మచ్చ పడితే అది కాల్షియం చాలక వచ్చిన రోగమని తేలింది. కాల్షియానికి గుడ్డుపెంకులు. తెచ్చేది ఎవరు? సందు మొదట్లో ఆమ్లెట్లు వేసే బండి దగ్గరికి సంచీ పట్టుకుని రోజూ నేను. రెండు రోజులు పోయేసరికి వీధిలో నా ఆచారవ్యవహారాల మీద చర్చ మొదలైంది. తీరా ఆ పెంకులు మట్టిలో కరిగి మొక్కకి అందడానికి నెలలు పడుతుందనీ, అసలు మట్టిలో కాల్షియం ఉన్నా నీళ్ళు ఒకరోజు ముంచెత్తి ఒకరోజు ఎండగడితే అది కాయ దాకా ఎక్కదనీ తరువాత తెలిసింది. నీళ్ళు పోసేది నేనే గనక నేరం నా మీదికొచ్చింది. మా వీధికి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నేను వాదించింది అదే. నల్లా టైములు మొక్కకి చెప్పుకోమన్నారు.

ఇక టూత్‌బ్రష్. మా వాడు అమెరికా నుంచి వచ్చినప్పుడు నాకోసం బ్యాటరీతో పనిచేసే బ్రష్ తెచ్చాడు. పళ్ళ డాక్టరు చెప్పాడని. ఒకరోజు పొద్దున అది అద్దం దగ్గర లేదు. మిద్దె మీద 'జుయ్' మని చప్పుడు. పైకెళ్ళి చూస్తే మా ఆవిడ చేతిలో నా బ్రష్, దాని ఎదురుగా టమాటా పువ్వు. పువ్వు కాడకి బ్రష్ ఆనించి, రెండు క్షణాలాగి, పక్క పువ్వుకి పోతోంది. టమాటా పుప్పొడి సన్నటి గొట్టంలో దాక్కుని ఉంటుంది, గాలికో తుమ్మెద రెక్కల అదురుకో రాలితేనే కాయ కడుతుంది. మామూలు తేనెటీగకి అలా అదిరించడం రాదు, తుమ్మెదలకి వచ్చు. మా కాలనీలో తుమ్మెదలు లేవు. ఆ లోటు నా బ్రష్ తీరుస్తోంది. చూస్తూ ఉండగానే పసుప్పచ్చని పొడి కొంచెం ఆవిడ గోటి మీద రాలింది. ఆ గోరు నాకు చూపించి, "చూశారా!" అంది, పోయిన నెల మనవడికి మొదటి పన్ను వచ్చిందని వీడియోలో చూపించినంత సంబరంగా. ఇప్పుడు నేను వేప్పుల్ల వాడుతున్నాను.

ఇంత చేశాక పంట రావాలి కదా. వచ్చింది. ఎప్పుడు వచ్చింది అన్నదే అసలు ఫిర్యాదు.

టమాటా చలికాలపు మనిషి. పగలు 35 డిగ్రీలు దాటితే, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే పుప్పొడి పాడై పూత రాలిపోతుంది. అందుకని మా మిద్దె మీద సెప్టెంబరులో నారు పోస్తే సంక్రాంతి అటూఇటుగా కాయలు పండుతాయి. సరిగ్గా అప్పుడే దేశమంతా టమాటా పండుతుంది. పత్తికొండ యార్డులో కిలో రూపాయికీ రెండు రూపాయలకీ పడిపోయి రైతులు పారబోసేదీ అలాంటి రోజుల్లోనే. మా ఇంటి ముందుకి బండి తోసుకొచ్చే అతను, "సార్, అయిదు కిలోలు యాభైకి తీసుకోండి, మళ్ళీ మోసుకుపోలేను" అని బతిమాలే వేళకి, మా ఆవిడ పైనుంచి ఒకే ఒక్క కాయని రెండు అరచేతుల్లో పెట్టుకుని మెట్లు దిగుతూ ఉంటుంది.

మరి కరువు కాలంలో? 2023 జూలైలో మదనపల్లెలో మేలురకం కిలో 200 దరిదాపులకి పోయింది. ఎండలకి పూత నిలవక, ఆపై వానలకి తోటలు దెబ్బతిని దేశమంతా టమాటా కోసం కొట్టుకుంది. అన్నేళ్ళ సేవకి ఫలితం దక్కే సమయం వచ్చిందని నేను బుట్ట పట్టుకుని మిద్దెక్కాను. ఎండకి మాడిన కాడలు, వాటికి కట్టిన పాత పంచె పీలికలు, డ్రమ్ము. డ్రమ్ములో జీవామృతం మాత్రం నిండుగా ఉంది. దిగొచ్చి చింతపండు నానబెట్టుకున్నాం.

సరే, పండిన కాలంలోనైనా తిన్నామా అంటే ఆ పంపకం ఎలా జరుగుతుందో వినండి. మొదట పండిన, అన్నిటికంటే నిండుగా ఉన్న కాయ విత్తనానికి. అది ధర్మమే, రైతులు తరతరాలుగా చేసేదే. మంచిది తినేసి చచ్చుదాన్ని విత్తనం కడితే జాతి దిగజారుతుంది. ఆ కాయని కోసి, గుజ్జు గింజలతో సహా గ్లాసులో పోసి, కాసిని నీళ్ళు కలిపి, మూత పెట్టకుండా గుడ్డ కట్టి రెండుమూడు రోజులు పులియబెడతారు. గింజ చుట్టూ ఉన్న జిగురు అలాగే వదులుతుంది, లేకపోతే మొలక సరిగా రాదు. పైన తెల్లగా బూజు తెట్టు కడుతుంది. ఆ గ్లాసు నా ఫిల్టరు కాఫీ గ్లాసు, పెట్టేది ఫిల్టరు పక్కనే. పొద్దున్నే కళ్ళజోడు లేకుండా వంటింట్లోకి వెళ్ళడం నేను మానేశాను.

రెండో కోత బంధువులకి. మా వదినగారికి రెండు, తోటల వాళ్ళ కలయికలో చూపించడానికి మూడు, ఫొటోలకి ఒకటి. ఫొటోల కాయ కూడా తరువాత తినొచ్చు కదా అంటే అది ఇంకా మాగాలట. మూడో వాటా ఉడుతలది. ఉడుత ఒక కాయ పూర్తిగా తింటే పోనీలే అనుకోవచ్చు. వారధి కట్టిన పుణ్యం ఉంది, రాముడు వీపు నిమిరాడు, ఏమనడానికీ నోరు రాదు. కానీ ఇది ప్రతి కాయనీ ఒక్క కొరుకు కొరికి, నచ్చలేదన్నట్టు పక్కదానికి పోతుంది. వల కట్టాం. వలలో కన్నాలు పెట్టింది. ఉడుత కొరికినవి, అడుగు నల్లబడినవి, పగిలినవి, ఇవీ ఇంటి యజమానికి చెందే నాలుగో వాటా.

చెరోకీ పర్పుల్ పండితే ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్పాలి. ఎరుపు కాదు, వంగపండు కాదు. దెబ్బ తగిలి కమిలిన చర్మం రంగు. తొడిమ చుట్టూ ఆకుపచ్చ మిగిలే ఉంటుంది. పనమ్మాయి మొదటిసారి చూసి, పాపం, కుళ్ళిందనుకుని చెత్తబుట్ట వైపు నడిచింది. ఆ రోజు మా ఇంట్లో వినిపించిన కేక కాలనీ వాచ్‌మన్‌ని గేటు దాకా రప్పించింది. తరువాత ఆ అమ్మాయిని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. భుజాలు పచ్చగా ఉండడం పాతజాతి లక్షణమట. కాయ అంతా ఒకే ఎరుపు రావాలని ఆ గుణాన్ని కొత్తరకాల్లోంచి తీసేశారు, దాంతోపాటు తీపి కూడా తగ్గింది, 2012లో శాస్త్రవేత్తలు ఆ జన్యువేదో పట్టుకున్నారు కూడా. ఇది నిజమే. నాకు మండేది అక్కడే. ఈవిడ వాదనలు ఎప్పుడూ నిజమే అవుతాయి.

రుచి? ఒకసారి, పగిలిన కాయ ఒకటి చక్రాల్లా కోసి, ఉప్పు చల్లి నాలుగు ముక్కలు నా ముందు పెట్టారు. బాగుంది. బాగుండడం నేరానికి మినహాయింపు కాదు. ఇంకో రెండు కోసి పప్పులో వెయ్యమన్నాను.

"ఇవి పప్పులో వేస్తారా ఎవరైనా! పులుపు చాలదు. పప్పుకి కిందికెళ్ళి నాటు టమాటాలు పట్రండి, అరకిలో."

ఇంటి మీద టమాటా వనం, చేతిలో సంచీ, బండి దగ్గర నేను. బండి అతను తెలివైనవాడు. మా మిద్దె వైపు ఓసారి తలెత్తి చూస్తాడు, ఏమీ అనడు, తూకంలో ఒక కాయ ఎక్కువేస్తాడు.

ఇన్ని బాధలు పడలేక నేనొక రాజీ ప్రతిపాదన పెట్టాను. నాకు ఒకే ఒక్క కుండీ ఇప్పించండి. మూలన, నీళ్ళ ట్యాంకు పక్కన. అందులో గోత్రం లేని, ఫొటో అక్కర్లేని, సంకరజాతి మొక్క వేసుకుంటాను. అర్క రక్షక్ అని బెంగళూరు సంస్థవాళ్ళదే రకం ఒకటుంది. ఆకుముడత వైరస్‌నీ, ఎండు తెగులునీ, ఆకుమాడునీ మూడింటినీ తట్టుకుంటుంది. విత్తనం కట్టే పని లేదు కనుక మొదటి కాయ నుంచి ఆఖరి కాయ దాకా తినెయ్యొచ్చు. అస్త్రాలు అక్కర్లేదు. బ్రష్ కూడా అడగను.

మా ఆవిడ శ్రద్ధగా విన్నది. వెంటనే కాదనలేదు. లోపలికెళ్ళి నోటు పుస్తకం తెచ్చి, పేజీలు తిప్పి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. విత్తనానికి పెంచే టమాటాకీ వేరే రకం టమాటాకీ మధ్య, ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం, కనీసం 25 మీటర్ల దూరం ఉండాలట. లేకపోతే జాతి కల్తీ అవుతుంది.

"తప్పకుండా వేసుకోండి. అంత ఎడం ఉంటే చాలు."

మా మిద్దె పొడవు 40 అడుగులు. అయినా ఆశ చావక టేపు పట్టుకుని ఆవిడ చివరి కుండీ నుంచి కొలవడం మొదలుపెట్టాను. పిట్టగోడ దాటింది, పక్కింటి అన్నయ్యగారి కారు షెడ్డు దాటింది, ట్రాన్స్‌ఫార్మరు దాటింది. కింద వీధిలో పిల్లాడొకడు టేపు రెండో కొస పట్టుకుని నడిచాడు. 25 మీటర్ల గీత దగ్గర ఆగమన్నాను. ఆగాడు. సరిగ్గా టమాటా బండి పెట్టుకునే చోటు.